ముందు పని, ఆ తర్వాతే సోమలింగం

యాడ్ ఏజెన్సీలో ఇంటర్న్‌షిప్ కోసం వచ్చే కాలేజీ పిల్లల పోర్ట్‌ఫోలియోలు చూడటం నా పనిలో భాగం. మొదటి పేజీ తీస్తే ఏది ఎవరిదో పోల్చుకోవడం కష్టం. పేరులోని రెండు అక్షరాలతో ఒక లోగో. ఏరికోరి ఎంచుకున్న రెండు రంగులు. కింద ఒక లైను: ‘ప్యాషనేట్ స్టోరీటెల్లర్, కాఫీ లవర్, డ్రీమర్’. తర్వాతి పేజీలో వచ్చిన సాఫ్ట్‌వేర్ల జాబితా, ఒక్కోదాని పక్కన ఎంత వచ్చో చెప్పే చుక్కలు. ఫొటోషాప్‌కి ఐదింటికి నాలుగు చుక్కలు. ఆ ఐదో చుక్క ఎక్కడ ఆగిపోయిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. ఇంతకీ చేసిన పని ఏమిటా అని వెతుక్కుంటూ పోతే ఏ ఏడో పేజీలోనో రెండు పోస్టర్లు కనిపిస్తాయి.

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అని మన పెద్దలు ఊరికే అనలేదు. అలాగని పిల్లల్నీ తప్పుపట్టలేం. రెండో సంవత్సరంలో అడుగుపెట్టగానే ‘నీ పర్సనల్ బ్రాండ్ ఏంటి?’ అని క్లాసులో అడుగుతున్నారు, ప్లేస్‌మెంట్ సెల్‌లో అడుగుతున్నారు, పాసైపోయిన సీనియర్లూ అడుగుతున్నారు. అడిగేవాళ్లలో చాలామందికి బ్రాండంటే లోగో, రంగులు, లింక్డ్‌ఇన్‌లో వారానికి ఇన్ని పోస్టులు. ‘ఇంటర్న్‌షిప్ మొదటి వారం నాకు నేర్పిన ఐదు పాఠాలు’ అనే పోస్టు అలా పుట్టుకొచ్చిందే. మొదటి వారంలో ఎవరికైనా తెలిసేది క్యాంటీన్ ఎక్కడుందో, వైఫై పాస్‌వర్డ్ ఏమిటో. మిగతా మూడు పాఠాలు కల్పితం.

ఈ ఆలోచనకు ఊపు తెచ్చింది 1997లో అమెరికన్ పత్రిక ఫాస్ట్ కంపెనీలో టామ్ పీటర్స్ రాసిన ‘ది బ్రాండ్ కాల్డ్ యూ’ అనే వ్యాసం. ఎవరి కెరీర్‌కు వాళ్లే సీఈఓ అనుకోవాలన్నది దాని సారాంశం. అప్పటికి లింక్డ్‌ఇన్ లేదు, అది 2003లో వచ్చింది. డిజైనర్లు తమ పని పెట్టుకునే బిహాన్స్ ఆ తర్వాతెప్పుడో వచ్చింది. చూపించుకునే జాగా పెద్దగా లేని కాలంలో రాశాడు కాబట్టేమో, నీ పనిలో ఎదుటివాడికి పనికొచ్చేది ఏమిటి, పక్కవాడి పనికన్నా అది ఎలా వేరు అని పీటర్స్ గట్టిగానే నిలదీశాడు. జాగా పెరిగేకొద్దీ ఆ నిలదీత పక్కకు పోయి, ప్యాకింగ్ మిగిలింది.

ఇంజినీరింగ్ కుర్రాడికో, సీఏ చదివే అమ్మాయికో ఈ ప్యాకింగ్ వల్ల పెద్ద నష్టం లేదు. వాళ్ల పనిని కొలవడానికి వేరే కొలతలున్నాయి. యాడ్ స్టూడెంటు సంగతి వేరు. తన గురించి తను రాసుకున్న లైనే అతని మొదటి కాపీ శాంపిల్. సబ్బు గురించి నమ్మేలా రాస్తానని వచ్చినవాడు తన గురించే నమ్మేలా రాయలేకపోతే, సబ్బు ఎవరిస్తారు?

క్లాసులో వాళ్లకు నేర్పే రాసర్ రీవ్స్ సూత్రాన్నే వాళ్ల మీద పెట్టి చూడమంటాను. టెడ్ బేట్స్ ఏజెన్సీలో పనిచేసిన రీవ్స్ 1961లో వచ్చిన తన పుస్తకంలో యూఎస్‌పీకి, అంటే సరుకును పోటీ నుంచి వేరుచేసే అమ్మకపు మాటకు, మూడు షరతులు పెట్టాడు. కొనేవాడికి ఫలానా లాభం ఉందని యాడ్ సూటిగా చెప్పాలి. ఆ మాట పోటీదారు చెప్పలేనిదో, చెప్పనిదో అయ్యుండాలి. అది జనాన్ని కదిలించేంత బలంగా ఉండాలి. ఎం అండ్ ఎమ్స్ చాక్లెట్లు చేతిలో కరగవు, నోట్లోనే కరుగుతాయని చెప్పింది ఆయనే. అందులో విశేషణం ఒక్కటీ లేదు, చేత్తో పట్టుకుని సరిచూసుకోగల విషయం ఉంది. ఇప్పుడు ‘ప్యాషనేట్ స్టోరీటెల్లర్’ని ఆ మూడు షరతుల ముందు నిలబెట్టండి. ఏజెన్సీకి లాభం? తెలియదు. పోటీదారు చెప్పలేడా? ఏ పూటైనా వచ్చిన ఫైళ్లలో సగం అదే చెబుతాయి. ఇదే లైను సబ్బు కోసం రాసుకొస్తే లెక్చరర్ ఎర్ర పెన్నుతో కొట్టేసేవాడు.

మరి ఏది నిలబడుతుంది? ఈ మధ్య ఒక అమ్మాయి తెచ్చిన పోర్ట్‌ఫోలియో చెబుతాను. అందులో నైకీ లేదు, కోకాకోలా లేదు. తన హాస్టల్ సందులోని కర్రీ పాయింట్ ఉంది. మొదటి పేజీలో దుకాణం ఫొటో: వరుసగా స్టీలు గిన్నెలు, మేకుకు వేలాడే కవర్ల కట్ట, పైన ఫ్లెక్సీ మీద షాపు పేరుకన్నా పెద్దగా కూల్‌డ్రింక్ సీసా. రెండో పేజీలో తను రాసి కొట్టేసిన లైన్లు, కొట్టివేతలతో సహా. ‘రుచికి మరో పేరు’. పక్కన పెన్నుతో ఒక ముక్క: ‘సందులో ఏ షాపుకైనా అతికించొచ్చు’. దాని కింద ‘అమ్మ చేతి వంట’. పక్కన: ‘వండేది ఇద్దరు మగవాళ్లు. అబద్ధం’.

తర్వాత కొన్ని సాయంత్రాలు అక్కడే నిలబడి ఎవరేం కొంటున్నారో రాసుకుంది. ఆఫీసుల నుంచి వచ్చేవాళ్లు కూర, పప్పు కట్టించుకుంటున్నారు తప్ప అన్నం తీసుకోవడం లేదు. కుక్కర్ ఎలాగూ ఇంట్లో పెట్టుకుంటారు. కూరగాయలు తరిగి తాలింపు వేసే ఓపికే లేదు. అక్కణ్నుంచి ఆమెకు హెడ్‌లైన్ దొరికింది: ‘అన్నం మీరు పెట్టుకోండి. మిగతాది మేం చూసుకుంటాం.’

బాగుంది కదా! ఓనరుకు చూపిస్తే ఆయన చదివి, ‘మరి నేను అన్నం కూడా అమ్ముతా కదమ్మా, అదెవరు కొంటారు?’ అన్నాడట. ఆ మాటను ఆ అమ్మాయి యథాతథంగా ఒక పేజీ మొత్తానికి వేసింది. అప్పుడు అన్నం అమ్మకాల సంగతి కనుక్కుంటే తేలిందేమిటంటే, అది పోయేది మధ్యాహ్నం, హాస్టల్ కుర్రాళ్లకు. సాయంత్రం కొనేవాళ్లు దాదాపు లేరు. దాంతో బోర్డు రెండువైపులా రాయించింది. పగలు ఒకవైపు భోజనం, ధర. చీకటి పడ్డాక రెండోవైపు: ‘కుక్కర్ పెట్టి రండి. కూర మా దగ్గరుంది.’ బోర్డు తిప్పే డ్యూటీ కౌంటర్లో కుర్రాడిది.

హెడ్‌లైన్ కన్నా ఓనరు అభ్యంతరం ఉన్న పేజీ దగ్గరే నేను ఎక్కువసేపు ఆగాను. ఏజెన్సీలో లైన్లు తిరిగి రావడం రోజూ ఉండేదే. వెనక్కొచ్చిన లైనును పట్టుకుని అలిగేవాళ్లున్నారు, క్లయింటుకు టేస్టు లేదని తేల్చేసేవాళ్లున్నారు. ఆ అభ్యంతరంలో తనకు తెలియని వ్యాపార విషయం ఏదైనా ఉందేమో అని వెళ్లి అడిగేవాళ్లు తక్కువ. ఈ అమ్మాయి రాసే ముందు చూస్తుంది, సులువుగా వచ్చిన లైనును అనుమానిస్తుంది, కాదన్నవాడి దగ్గరికి మళ్లీ వెళ్తుంది, బోర్డు తిప్పితే పోయేదానికి లక్ష రూపాయల వీడియో అడగదు. ఇవన్నీ నాకు అర్థమయ్యాయి. వీటిలో ఒక్కటీ తన గురించి తను రాసుకోలేదు. తర్వాతి పనులు తిరగేస్తే ఒక జిరాక్స్ షాపు, ఒక లేడీస్ టైలర్. మూడింటిలోనూ అదే నడక. ఒకటి చేస్తే అదృష్టం అనుకోవచ్చు. మూడుసార్లు అదే పద్ధతిలో చేస్తే అది ఆ మనిషి తీరు. బ్రాండ్ అని మనం సబ్బులకూ పేస్టులకూ అనేది కూడా దీన్నే కదా: ఎప్పుడు కొన్నా అదే దొరుకుతుందన్న నమ్మకం.

నైకీకి యాడ్ చేయకూడదని కాదు. కానీ అడగకుండానే పెద్ద కంపెనీకి చేసుకునే స్పెక్ యాడ్‌లో సగం పని ఆ కంపెనీ పేరే చేసేస్తుంది. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు హోర్డింగ్ మీద మీ పోస్టర్ అతికించినట్టు బొమ్మ తయారుచేయడం ఇప్పుడు నిమిషాల పని. అది స్పెక్ అని పక్కన రాయకపోతే మాత్రం చిక్కే. ‘క్లయింట్: ఫలానా’ అని వేసి, ఇంటర్వ్యూలో ‘వాళ్లతో ఎవరు మాట్లాడారు?’ అనగానే నీళ్లు నమిలినవాళ్లను చూశాను. క్రెడిట్ల దగ్గరా అంతే. గ్రూప్ ప్రాజెక్టులో కాపీ ఒకరిది, లేఅవుట్ ఇంకొకరిది అయితే ఆ సంగతి రాసెయ్యాలి. ఈ ఊళ్లో యాడ్ వాళ్లందరూ ఒకరికొకరు తెలుసు, ఒక ఫోన్‌కాల్‌తో తేలిపోతుంది. ఇక ఇన్‌స్టాలో ఫాలోవర్లు పెరిగి, ఎవరో ఫ్రీగా ఇచ్చిన ఫేస్‌వాష్ గురించి రీల్ చేసే స్టూడెంట్లు ఉన్నారు. డబ్బో వస్తువో తీసుకుని పోస్టు పెడితే అది యాడ్ అని కనిపించేలా రాయాలని యాడ్ల స్వీయ నియంత్రణ సంస్థ యాస్కీ 2021లోనే మార్గదర్శకాలు తెచ్చింది. రేపు ఈ వృత్తిలోకే వచ్చేవాడు మొదటి రోజే ఆ రూలు తప్పితే, అదీ అతని బ్రాండ్‌లో చేరిపోతుంది.

ఇంకో మాట. మన ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలు తమ దగ్గరున్న అసలు సరుకునే దాచేస్తున్నారు. జగిత్యాల నుంచి వచ్చినవాడూ, నరసరావుపేట నుంచి వచ్చినవాడూ బయోలో ‘గ్లోబల్ సిటిజన్’ అని రాసుకుంటారు. మన టీవీల్లో వచ్చే యాడ్లు చాలావరకు ముంబయిలో హిందీలో పుట్టి, డబ్బింగ్ థియేటర్‌లో తెలుగు నేర్చుకుంటాయి. నటుడి పెదాలు ఎప్పుడు మూసుకుంటే అప్పుడు వాక్యం ఆగాలి కాబట్టి, ఏ ఊళ్లోనూ ఎవరూ మాట్లాడని ఒక తెలుగు తయారవుతుంది. ఇంట్లో మాట్లాడే మాటతో సొంతంగా తెలుగు కాపీ రాయగలిగిన కుర్రవాళ్ల కోసం ఏజెన్సీలు వెతుక్కుంటున్నాయి. వాళ్లేమో ఇంగ్లీషు బయో వెనక దాక్కుంటున్నారు.

2025 అక్టోబరులో కన్నుమూసిన పీయూష్ పాండే జైపూర్ మనిషి. రంజీ క్రికెట్ ఆడాడు, టీ రుచిచూసే ఉద్యోగం చేశాడు, 1982లో ఓగిల్వీ యాడ్ ఏజెన్సీలో చేరాడు, అది కూడా క్లయింట్ సర్వీసింగ్‌లో. ఇంగ్లీషులో ఆలోచించి హిందీలోకి దించుకునే అలవాటున్న ఆ లోకంలోకి వీధిలో వినిపించే హిందీని, వడ్రంగుల హాస్యాన్ని తెచ్చాడు. ఫెవికాల్ యాడ్ చూసి ఇది ఎవరి చేతిదో పరిశ్రమలోవాళ్లు పోల్చుకునేవారు. ఆ గుర్తింపు తెచ్చింది ఆయన చెవి.

అసలు తను కనిపించకుండానే బ్రాండ్ కట్టినవాడు మన తెలుగువాడే ఉన్నాడు. వినుకొండలో పుట్టిన ఎ.జి. కృష్ణమూర్తి 1980లో అహ్మదాబాద్‌లో 35,000 రూపాయలతో, విమల్ బట్టలు అనే ఒకే ఒక్క క్లయింటుతో ముద్రా ఏజెన్సీ పెట్టారు. పదేళ్లు తిరక్కముందే దాన్ని దేశంలోని అగ్రశ్రేణి ఏజెన్సీల్లో నిలబెట్టారు. ‘ఐ లవ్ యూ రస్నా’ అనే చిన్నపాప ఆ ఏజెన్సీ నుంచే మన ఇళ్లలోకి వచ్చింది. 1991లో వచ్చిన మైకా అనే కమ్యూనికేషన్స్ విద్యాసంస్థ కూడా ఆయన చలవే. అలాంటాయన తన పుస్తకానికి పెట్టుకున్న పేరు ‘ది ఇన్విజిబుల్ సీఈఓ’. స్టేజీ ఎక్కాలంటే బెరుకుండే పిల్లలకు ఈ కథ తప్పకుండా చెబుతాను. మాట్లాడలేనివాళ్లకు, రీల్స్ చేయలేనివాళ్లకు ఈ వృత్తిలో చోటు లేదని ఎవరో చెప్పగా విని, బెంగపెట్టుకుని వస్తుంటారు పాపం.

ఇరవై ఏళ్లకే బ్రాండ్ అని బిగించుకోవడంలో ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ‘నేను లగ్జరీ బ్రాండ్ల మనిషిని’, ‘నేను మీమ్స్ మనిషిని’ అని బోర్డు కట్టేసుకుంటే, ఎరువుల కంపెనీ బ్రీఫ్ వచ్చినప్పుడు అది తన స్థాయి కాదనిపిస్తుంది. డేవిడ్ ఓగిల్వీ పారిస్ హోటల్ వంటగదిలో పనిచేశాడు, స్కాట్లాండ్‌లో ఇంటింటికీ తిరిగి ఆగా పొయ్యిలు అమ్మాడు, అమెరికాలో గ్యాలప్ దగ్గర సర్వేలు చేశాడు, పొలం కూడా దున్నాడు. ఏజెన్సీ పెట్టింది 1948లో, 37 ఏళ్ల వయసులో. ఇరవై నాలుగేళ్లప్పుడు, 1935లో, తోటి సేల్స్‌మెన్ కోసం పొయ్యిలు ఎలా అమ్మాలో ఒక పుస్తకం రాశాడు. గడపలో నిలబడి నేర్చుకున్నది రాసిపెట్టుకునే అలవాటు పొయ్యిల అమ్మకం నుంచి ఏజెన్సీ దాకా అతనితోనే నడిచింది. ఉద్యోగాలు మారినా మారనిది అదే. కాబట్టి ఏ రకం క్లయింటు అన్నది ఖాళీగా వదిలేసి, ఎలా పనిచేస్తాను అన్నదాన్ని గట్టిపరుచుకోవడం మేలు.

కర్రీ పాయింట్ పోర్ట్‌ఫోలియోకు లోగో ఉందో లేదో నాకు గుర్తులేదు. మా ఆఫీసులో మాత్రం ఆ అమ్మాయి గురించి మాట్లాడాల్సి వచ్చినప్పుడు, పేరు చటుక్కున తట్టక, అందరూ ‘కర్రీ పాయింట్ అమ్మాయి’ అనే అంటున్నారు. ఆ పేరు ఆమె పెట్టుకున్నది కాదు, పని చూసినవాళ్లు పెట్టింది. రెండేళ్లు పోతే ఆ పేరు వినీ వినీ ఆమెకే విసుగొస్తుంది. రావాలి కూడా. అప్పుడు ప్రొఫైల్లో రంగులు మారిస్తే ఆ పేరు పోదు. దాన్ని మరిపించేంత పని ఇంకోటి చేయాలి.