పుట, పంక్తి, తప్పు, ఒప్పు

పాత తెలుగు పుస్తకాల చివర తరచుగా నాలుగు నిలువు వరుసల పట్టిక ఒకటి కనబడుతుంది: పుట, పంక్తి, తప్పు, ఒప్పు. నాకు ఆ తప్పొప్పుల పట్టిక అంటే ఎంతో గౌరవం. ఫారాలన్నీ అచ్చయిపోయాక కూడా ఎవరో కూర్చుని పుస్తకాన్ని మళ్లీ మొదటినుంచీ చదివారన్నమాట.

లెటర్‌ప్రెస్ రోజుల్లో కంపోజిటర్ కేసులోంచి సీసపు అక్షరాలు ఏరి స్టిక్కులో పేర్చేవాడు. గాలీ ప్రూఫు తీశాక ఒకరు రాతప్రతిని కామాలతో సహా పైకి చదువుతుంటే, ఇంకొకరు ప్రూఫు అంచున దిద్దేవారు. అసలు చిక్కు ఆ తరవాతే. తప్పు అక్షరం పీకి మంచిది పెట్టేటప్పుడు పక్కదేదో జారిపోవచ్చు. అందుకే రెండో ప్రూఫులో దిద్దిన అక్షరాన్ని చూసి ఊరుకుంటే చాలదు, ఆ పంక్తంతా చదవాలి.

పద్యానికైతే ఛందస్సే కాపలా. ఉత్పలమాల పాదంలో 20 అక్షరాలు, పదో అక్షరం యతి. చంపకమాలలో 21, పదకొండోది యతి. అక్షరం ఎగిరిపోయినా, దీర్ఘం పోయినా గణం తప్పి దొరికిపోతుంది. వచనానికి ఆ రక్షణ లేదు. పద్యంలోనూ కొన్ని తప్పులు తప్పించుకుంటాయి. ‘అర్థం’లో థకారం పొట్టలోని చుక్క అచ్చులో పడకపోతే ‘అర్ధం’ అవుతుంది. గురులఘువులు మారవు; థ, ధలకు యతిమైత్రి ఉంది కనక యతిస్థానంలో పడినా ఛందస్సు పట్టుకోలేదు. అక్కడ చదివేవాడి కన్నూ, సందర్భం తెలిసిన బుద్ధే దిక్కు.

అచ్చుకు ముందే, రాతప్రతుల్లోనే తప్పులుంటే? 1829లో వేమన పద్యాలు అచ్చువేయించిన సి.పి.బ్రౌన్ ఒక్క ప్రతిని నమ్ముకోలేదు. కావ్యాలకు పలుచోట్లనుంచి ప్రతులు సేకరించి, పండితులకు జీతాలిచ్చి, పాఠాలు పోల్చి పరిష్కరింపజేశాడు. మన ప్రాచీన గ్రంథాలు చదవదగ్గ రూపంలో దక్కాయంటే ఇలాంటి చాకిరీవల్లే.

ఇప్పుడు పాత పుస్తకాలు కంప్యూటర్లోకి ఎక్కుతున్నాయి. తెలుగు వికీసోర్సులో ఒకరు దిద్దిన పుట పసుపురంగులో ఉంటుంది. మరొకరు సరిచూశాకే ఆకుపచ్చ అవుతుంది. రెండో మనిషి ఉండి తీరాలన్న ఆ నియమం నాకెంతో నచ్చింది. కొన్ని పునర్ముద్రణలు మాత్రం పాత పుటల్ని ఫొటో తీసి ఉన్నదున్నట్టు వేసేస్తాయి. తప్పు లోపలి పుటలోనే ఉంటుంది, ఒప్పు చివరి పుటలోనే మిగిలిపోతుంది. తప్పు పాఠాన్నే ఉదహరిస్తూ వ్యాసాలు పుడతాయి. పాత పుస్తకాన్ని టైపు చేసేవారు ముందు చివరి పుట తెరవాలి. పంక్తుల లెక్కలో శీర్షికను కలిపారో లేదో రెండు మూడు సవరణలు పోల్చి తేల్చుకుని, ఆ తరవాతే మొదటి పుట మొదలుపెట్టాలి.