గీస్ బెండ్ బొంతలు

అమెరికాలోని అలబామా రాష్ట్రంలో నది మూడు వైపులా చుట్టుకున్న పల్లె గీస్ బెండ్. పత్తి తోటల్లో బానిసలుగా బతికినవారి సంతతి ఈ ఊరివాళ్లు. నాటి తోట యజమాని ఇంటిపేరు పెట్‌వే ఇప్పటికీ వీళ్లలో చాలామందిని అంటిపెట్టుకునే ఉంది. గాలి దూరే చెక్క ఇళ్లలో చలికి తాళలేక ఆడవాళ్లు బొంతలు కుట్టారు. చేతికి అందిన గుడ్డ చినిగిన పొలం బట్టలే.

తెలుగు ఇళ్లలో పాత చీరలు పొరలుగా పరిచి బొంత కుడతారు. గీస్ బెండ్ బొంతకు మధ్యలో దూది పొర ఉంటుంది. కింద రాలిన పత్తిని ఏరి తెచ్చి, కర్రతో కొట్టి పరిచేవారట. అడుగున బస్తాల గుడ్డ వేసేవారు. మూడు పొరలనూ చట్రానికి బిగించి నలుగురూ చుట్టూ కూర్చుని కుట్టినా, పైపొర మాత్రం ఎవరికి వారే కూర్చుకోవాలి. విద్యంతా అక్కడే ఉంది. ముందుగా గీసుకున్న నమూనా ఉండదు. 'ఇంటికప్పు' రకంలో నడుమ ఒక చదరపు ముక్క పెట్టి, చుట్టూ పట్టీ మీద పట్టీ అతుకుతూ పోతారు. పట్టీ చాలకపోతే మరో రంగు ముక్క చేరుతుంది, చదరం ఒక పక్కకు వాలుతుంది. ఆ వాలును తరువాతి పట్టీతో సరిచేయాలా, ఇంకాస్త పెంచాలా అన్నది కుట్టే మనిషి ఇష్టం. 'సోమరి పిల్ల' రకం పొడవాటి పట్టీలతోనే అయిపోతుంది. పేరు విని తేలికనుకోకూడదు. తప్పు దాచుకునే చోటే లేని పని అది.

1942లో భర్త పోయాక మిస్సోరీ పెట్‌వే ఆయన పొలం బట్టలతోనే బొంత కుట్టారు. ఆయన జ్ఞాపకాన్ని కప్పుకుని పడుకోవాలని అమ్మ అన్నట్టు కూతురు ఆర్లోంజియా చెప్పేవారు. డెనిమ్ ప్యాంటు ఎండకు వెలిసిపోయినా, జేబు ఊడదీసిన చోట ముదురు నీలం మిగులుతుంది. ఆ నీలపు మచ్చ ఎక్కడ పడాలో ఈ ఊరి ఆడవాళ్లకు తెలిసినంతగా ఏ చిత్రకళా పాఠశాలా నేర్పదు.

1966లో బొంతలు కుట్టే ఆడవాళ్లతో ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అనే సహకార సంఘం పుట్టింది. 1972లో సియర్స్ కంపెనీకి కార్డురాయ్ దిండు గలేబులు కుట్టే పని దొరికింది. అన్నీ ఒకే కొలత, ఒకే తీరు. మిగిలిన ముక్కలు మాత్రం ఇళ్లకు చేరి, ఎవరి తీరున వారు కుట్టుకున్న అద్భుతమైన బొంతలయ్యాయి. సంఘం 2012లో మూతపడింది.

ఆనీ మే యంగ్ వెలిసిన డెనిమ్ నడుమ రంగుల పట్టీలు నిలిపి కుట్టిన బొంత ఒకటి కట్టెల కుప్ప మీద పరిచి ఉండగా తీసిన ఫొటో చూసి, విలియం ఆర్నెట్ అనే సేకర్త ఈ ఊరిని వెతుక్కుంటూ వచ్చారు. 2002లో హ్యూస్టన్‌లోనూ, ఆ వెంటనే న్యూయార్క్ విట్నీ మ్యూజియంలోనూ ఈ బొంతలు గోడలకెక్కాయి. 2006లో పది బొంతలు తపాలా బిళ్లల మీదికి వచ్చాయి. విమర్శకులు వీటిని చిత్రకారుడు మతీస్ బొమ్మలతో పోల్చారు. మతీస్ తన బొమ్మ కప్పుకుని చలి కాచుకోలేదు కనుక ఆ పోలిక మతీస్‌కే గౌరవం.

పేరు వచ్చాక నకళ్లు రాకుండా ఉంటాయా? ఒకే గుడ్డ మీద అతుకుల బొమ్మ అచ్చువేసి, లేని కుట్టును గీతగా చూపించి, చేతిపని అని అమ్ముతున్నారు. మిషను వాలును కూడా వేల ప్రతుల్లో ఒకేలా తీయగలదు. ఒకేలా వచ్చిన వాలులో ఎవరి నిర్ణయమూ లేదు. అది పని కాదు, మోసం. నెలల తరబడి కూర్చుని కుట్టినదాని ధర ఎక్కువని పెదవి విరిచేవాళ్లు ఇంటికి తెచ్చుకునేది ఈ నకలునే.

2021 నుంచి గీస్ బెండ్ ఆడవాళ్లు తమ పేర్ల మీద ఆన్‌లైన్‌లో అంగళ్లు తెరిచి నేరుగా అమ్ముకుంటున్నారు. బొంత కొనదలచినవారు ముందు కుట్టిన మనిషి పేరు అడగాలి. పేరు చెప్పలేని దుకాణంలో కొనవద్దు.