మనస్తత్వ నవలలో కొలత, తీర్పు

ఖరగ్‌పూర్ రైల్వే పట్టణము. బెంగాల్-నాగపూర్ రైల్వే కాలమునుండి శ్రీకాకుళ, విశాఖ ప్రాంతములవారు పనులకు వచ్చి ఇక్కడ స్థిరపడినారు. వారి ఇండ్లలో “సైకో టెస్టు” అన్న మాటకు వ్యాఖ్యానము అక్కరలేదు. ఇంజను నడిపే ఉద్యోగము కోరే యువకుడు వ్రాతపరీక్షలు గడిచిన తరువాత ఎదుర్కొనవలసిన మనస్తత్వ పరీక్ష అది. జ్ఞాపకశక్తి, సూచనలను అనుసరించే నేర్పు, లోతును గ్రహించే చూపు, ఏకాగ్రత, చూచినదానిని త్వరగా గుర్తించే శక్తి అనే అయిదింటిని అందులో విడివిడిగా కొలుస్తారు. ప్రతిదానిలోను ప్రమాణాంకము 42కు తగ్గరాదు. ఒకదానిలోని ఆధిక్యము మరొకదానిలోని లోటును పూడ్చదు.

ఈ కట్టుబాటు అకారణముగా పుట్టినది కాదు. 1962లో హృదయనాథ్ కుంజ్రూ అధ్యక్షతన నియమింపబడిన రైల్వే ప్రమాదాల విచారణ సంఘము సిఫారసు మీద, 1964లో రైల్వేలలో మనస్తత్వ పరిశోధనకు ప్రత్యేక విభాగము ఏర్పడినది. ఒక్క సిగ్నలును పొరపాటుగా గ్రహించిన మనస్సు వందల ప్రాణములను ఆపదలో పడవేయగలదు. కనుక ఇట్టి కొలత అవసరము. దానిని ఆక్షేపించడము నా ఉద్దేశము కాదు.

కాని ఒక సంఘటన నా మనస్సునుండి తొలగిపోలేదు. మా వీధిలోని కుర్రవాడొకడు ఆ అయిదింటిలో ఒకదానిలో తప్పినాడు. సాయంకాలము వాని తల్లి మా గుమ్మములో నిలబడి, “మావోడి బుర్ర బాగోలేదని రాసేసినారంట బాబూ” అన్నది. ఆ ఫలితపత్రములో అట్టి మాట లేదు. లోతును గ్రహించుటలో ఆ కుర్రవానికి వచ్చిన అంకె ఇంత అని మాత్రమే ఉన్నది. అది ఒక శక్తికి కొలత. ఆమె విన్నది ఒక మనిషిపై తీర్పు. ఈ రెంటికీ మధ్యనున్న దూరమును మన మనస్తత్వ నవల ఎంతవరకు గుర్తించినది? ఈ వ్యాసము ఎత్తుకొన్న ప్రశ్న ఇదే.

మన నవలలలో ప్రసిద్ధమైన రెండింటి పేర్లు చూడుడు. ఒకటి గోపీచంద్ రచించిన “అసమర్థుని జీవయాత్ర”. రెండవది రాచకొండ విశ్వనాథశాస్త్రి “అల్పజీవి”. రెండు పేర్లును ఫలితపత్రములవలెనే ఉన్నవి. కథ తెరువకముందే నాయకుడు తప్పినాడని అట్టమీదనే వ్రాసి ఉన్నది.

గోపీచంద్ సీతారామారావు వంశప్రతిష్ఠను మోయబోయి, ఆస్తి పోగొట్టుకొని, ఆలోచనలే శత్రువులై, చివరకు శ్మశానములో అంతమొందుతాడు. తెలుగు నవల ఒక మనిషి ఆలోచనను దాని మూలమువరకు వెదకుతూ పోవడము ఇక్కడ కనిపిస్తుంది. ఇది చాల గొప్ప సంగతి. అయినను రచయిత పలుచోట్ల వైద్యుడై నాయకుని ప్రక్కన నిలబడి రోగకారణములు చెప్పుతాడు. అట్టి చోట్ల సీతారామారావు మనకు తెలియడు, అతనినిగూర్చి మనకు తెలుస్తుంది. నవలకు బలము వచ్చేది కారణములు చాలక, రచయితయే దిగ్భ్రాంతుడై నిలిచిన ఘట్టములలో.

విశ్వనాథశాస్త్రి మార్గము వేరు. ఆయన సుబ్బయ్య చిన్న గుమాస్తా. లోకము అతనికి భయకారణము. కంట్రాక్టరు గవరయ్య వంటి వారిముందు మాట పెగలదు. రచయిత అతని భయమును వర్ణించడు. దానిని లోపలినుండి పలికిస్తాడు. ఇక్కడ భాష ఆయనకు తోడ్పడినది. తెలుగులో “అనుకొను” అంటే తనలో తాను అనుట. మన భాషలో ఆలోచన స్వభావముచేతనే స్వగతము. చైతన్యస్రవంతి అనే పద్ధతిని విశ్వనాథశాస్త్రి పాశ్చాత్యులవద్ద నేర్చి ఉండవచ్చును. అది తెలుగులో పరాయిదిగా వినిపించక పోవుటకు ఈ క్రియాపదము ఒక కారణమని నా విశ్వాసము. సుబ్బయ్య అనుకొన్నవన్నీ విన్న పాఠకుడు పుస్తకము మూసి అట్టను మరల చూచినప్పుడు, అల్పుడెవరు అని సందేహిస్తాడు. శీర్షికలోని తీర్పును నవలయే కొట్టివేసినది.

హిందీలో 1937లో వెలువడిన జైనేంద్రకుమార్ “త్యాగపత్ర్” ఈ దారిలో ఇంకొక అడుగు ముందున్నది. కథ చెప్పే ప్రమోద్ వృత్తిచేత న్యాయమూర్తి, అనగా మనుష్యులను తూచి చెప్పుటయే అతని ఉద్యోగము. అతని మేనత్త మృణాల్ ప్రేమించినందుకు దెబ్బలు తిని, ఇష్టములేని పెండ్లిచేత బంధింపబడి, భర్త విడిచిపెట్టగా బొగ్గులవర్తకుని పంచన చేరి, మురికివాడలో జీవితము ముగిస్తుంది. లోకము ఆమెను పతిత అన్నది. ప్రమోద్ ఆ మాట అనలేదు. కాని ఆమెను ఆదుకొనను లేదు. ఆమె మరణవార్త విన్న పిమ్మట అతడు న్యాయమూర్తి పదవిని వదలుకొంటాడు. పరీక్షింపబడినది మృణాల్ అని మనము చదువుతూ వచ్చినాము. తప్పినవాడు పరీక్షకుడని చివరకు తెలుస్తుంది.

ఈ నవలను తెలుగు చేయబూనినవానికి మొదటి చిక్కు పేరులోనే ఉన్నది. హిందీలో “త్యాగపత్ర్” నిత్యవ్యవహారములోని రాజీనామా. త్యాగము అన్న ధ్వని దాని వెనుక మెల్లగా వినిపిస్తుంది. తెలుగులో “రాజీనామా” అంటే ఆ ధ్వని పోతుంది, “త్యాగపత్రము” అంటే ధ్వనియే మిగిలి కచేరీ మాయమవుతుంది. రెండవ చిక్కు బంధుత్వములో ఉన్నది. మన మేనత్త పిల్లనిచ్చి అత్తగారు కాదగిన మనిషి. హిందీవారి “బువా”కు ఆ అవకాశము లేదు. తెలుగు పాఠకుడు మృణాల్‌ను ఇంకొంత దగ్గరి మనిషిగా చూస్తాడు, ప్రమోద్ ఉదాసీనతను ఇంకొంత కఠినముగా తూస్తాడు. కొలిచేవాని ఊరు మారితే కొలతయు మారుతుంది.

మూడవది అన్నిటికంటె సూక్ష్మమైనది. హిందీ “సమఝ్‌నా”కు అర్థము చేసికొనుట అనియు, ఫలానాగా భావించుట అనియు రెండర్థములు. ఒకరిని దొంగగా భావించుటకును, ఒకరి దుఃఖము తెలిసికొనుటకును అక్కడ ఒకే మాట. తెలుగులో అవి వేరు మాటలు. కనుక హిందీలో ఒక్క క్రియలో కలిసిపోయిన వానిని మనము ప్రతి వాక్యములోను విడదీయక తప్పదు: ఈ పాత్ర ఇక్కడ అర్థము చేసికొన్నదా, లేక అనుకొన్నదా? నేటి మనోవిజ్ఞానము గ్రహణము, జ్ఞాపకము, అవధానము, నిర్ణయము అని బుద్ధివ్యాపారములను విడదీసి పరిశీలిస్తుంది. అనువాదకుడును ఆ పనినే చిన్న ప్రమాణములో చేస్తున్నాడు.

విమర్శకులమైన మనకు ఇందులో ఒక హెచ్చరిక ఉన్నది. బుచ్చిబాబు “చివరకు మిగిలేది”లోని దయానిధిని తల్లి అపవాదు వెంటాడుతుంది. వెంటనే మనము ఈడిపస్ పేరు తెచ్చి అతనికి తగిలిస్తాము. గిరీంద్రశేఖర్ బోసు 1922లో కలకత్తాలో భారత మనోవిశ్లేషణ సంఘమును స్థాపించినప్పటినుండి ఈ పరిభాష మన దేశములో ఉన్నది. దాని ప్రయోజనము కాదనరానిది. అయితే పేరు పెట్టడముతో చదవడము ముగియరాదు. పేరు దొరికిన తరువాత కూడ దయానిధిలో మిగిలినది ఏమి అని వెదకుటయే విమర్శ.

బినే 1905లో పారిస్ బడిపిల్లలకు తన పరీక్షను సిద్ధము చేసినది, ఎవరికి ఎక్కువ సహాయము కావలెనో కనుగొనుటకు. కొలత తన హద్దు తెలిసియున్నంతకాలము దయకు కూడ ఉపకరిస్తుంది. మా వీధి కుర్రవాడు ఇంజను ఎక్కరాదన్నది సరియైన నిర్ణయమే కావచ్చును. వాని తల్లికి ఆ రాత్రి కావలసినది, ఒక అంకెకును తన కొడుకునకును నడుమ ఎంత దూరమున్నదో చెప్పగల మాట. నేను ఏవో నాలుగు మాటలు అన్నాను, అవి చాలలేదు. మంచి నవల ఆ మాటను చెప్పగలదు.