ఎడం తెలిసిన చేతులు

గండికోట దగ్గర పెన్నా లోయ మీద పగలు రాత్రిగా మారడాన్ని అర నిమిషంలో చూపించే టైమ్‌లాప్స్ వీడియోలు ఇప్పుడు చాలానే వస్తున్నాయి. ఎర్రరాతి గోడలు నల్లబడతాయి, అడుగున నీళ్ళు చివరి వెలుగును కాసేపు పట్టుకుని వదిలేస్తాయి, చుక్కలు పొడుస్తాయి. చూసినవాళ్ళు రంగులను మెచ్చుకుంటారు, కెమెరా ఖరీదు అడుగుతారు. నాకు ముచ్చటేసేది మాత్రం తీసినవాళ్ళ లెక్క. ఒక ఫొటోకూ దాని తర్వాతి ఫొటోకూ మధ్య ఎన్ని సెకన్ల ఎడం ఉండాలో ఎవరో నిలబడి ఆలోచించారు. వీడియో బాగుందంటే ఆ ఆలోచన బాగున్నట్టే.

లెక్క చూడటానికి చిన్నదే. వీడియోలో సెకనుకు 25 ఫ్రేములు నడుస్తాయనుకుందాం. అయిదు సెకన్లకొక ఫొటో తీస్తే గంటకు 720 ఫొటోలు, అంటే దాదాపు 29 సెకన్ల వీడియో. పాతిక సెకన్లకొకటి తీస్తే గంటకు 144, ఆరు సెకన్లు కూడా రాదు. సూర్యుడు ఆకాశంలో తన వెడల్పంత దూరం జరగడానికి రెండు నిమిషాలు పడుతుంది. అయిదు సెకన్ల ఎడంతో తీస్తే తెర మీద ఆ రెండు నిమిషాలు ఒక సెకనవుతాయి, పొద్దు నింపాదిగా కొండ వెనక్కి దిగుతుంది. పాతిక సెకన్ల ఎడంతో తీస్తే ఆ దూరమంతా అయిదు ఫ్రేముల్లో అయిపోతుంది. సూర్యుణ్ణి ఎవరో కిందికి తోసేసినట్టు ఉంటుంది.

కాబట్టి ఎడాన్ని నిర్ణయించేది ఫ్రేములో కదిలే వస్తువు. రాయలసీమలో ఆ వస్తువు ఋతువును బట్టి మారుతుంది. డిసెంబరు, జనవరి నెలల్లో ఇక్కడి ఆకాశం చాలా రోజులు ఖాళీగా ఉంటుంది. కదిలేవి కోటగోడ నీడ, సూర్యుడు, అంతే. అలాంటప్పుడు పది సెకన్ల ఎడమైనా ఏ తప్పూ కనిపించదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా కథ వేరు. పడమటి కనుమలు వాన చాలావరకు తమ దగ్గరే దించేసుకున్నాక, మిగిలిన మబ్బులు నైరుతి గాలితో కర్నూలు, కడప మీదుగా పరుగులు తీస్తాయి. రైతుకు అవి ఆశపెట్టి వెళ్ళిపోయే మబ్బులు. కెమెరా పట్టుకున్నవాడికి అంతకంటే మంచి మబ్బులు దొరకవు. అయితే వాటికి మూడు నాలుగు సెకన్లకు మించి ఎడం ఇవ్వకూడదు.

ప్రొద్దుటూరులో పెళ్ళి ఆల్బమ్‌లు చేసుకుని బతికే ఒక కుర్రాణ్ణి లోయ అంచున ఈ పనిలో చూశాను. ట్రైపాడ్ కాళ్ళు రాతి సందుల్లో కుదిర్చి, నడిమి కొక్కేనికి రాళ్ళు నింపిన సంచి వేలాడదీశాడు, లోయ గాలికి కదలకుండా. తర్వాత కెమెరా ముట్టుకోలేదు. చేతి గడియారం చూస్తూ, ఒక మబ్బు అంచు ఎదుటి గట్టు మీది ఒక రాయి నుంచి పక్క రాయికి రావడానికి ఎంతసేపు పడుతుందో కొలిచాడు. ఎందుకని అడిగితే, "మబ్బులు యెట్ల పరిగెత్తాండాయో చూడన్నా. పదేసి సెకన్లు పెడితే గెంతుతాయి" అన్నాడు. మూడు సెకన్లు పెట్టాడు. ఆ కొలత ఏ పుస్తకంలోనూ దొరకదు, ఆ పూట ఆకాశంలోనే దొరుకుతుంది. ఇంత శ్రద్ధ ఉన్నవాడి చేతిలో కెమెరా పాతదైనా ఫర్వాలేదని నాకు అప్పుడే నమ్మకం కలిగింది.

పొద్దు గుంకాక అసలు చిక్కు మొదలవుతుంది. మనం భూమధ్యరేఖకు దగ్గరవాళ్ళం. గండికోట దాదాపు 15 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఇక్కడ సూర్యుడు దిగంతానికి ఏటవాలుగా కాకుండా ఇంచుమించు నిట్టనిలువుగా దిగుతాడు. సూర్యాస్తమయం నుంచి సుమారు 22 నిమిషాలకు సందెవెలుగు మొదటి దశ ముగుస్తుంది. గంటా పావు తిరిగేసరికి పూర్తి రాత్రి. లండన్‌లో జూన్ నెలలో రాత్రంతా సందెవెలుగు మిగిలే ఉంటుంది, నిండు చీకటి రానే రాదు. ఉత్తరాది దేశాలవాళ్ళు తమ సాయంత్రాలకు రాసుకున్న పద్ధతిని ఇక్కడ దించేస్తే కెమెరా వెలుతురు కంటే వెనకబడిపోతుంది.

ఎంత వేగంగా చీకటి పడుతుందో అంకెల్లో చూస్తే గుండె ఝల్లుమంటుంది. సూర్యాస్తమయ సమయంలో నేల మీద పడే వెలుతురు సుమారు 400 లక్స్. సందె మొదటి దశ ముగిసేసరికి అది మూడున్నర లక్స్‌కు దిగుతుంది. ఇంకో పాతిక నిమిషాలకు ఒక లక్స్‌లో వందో వంతు కూడా ఉండదు. వెలుతురు సగానికి తగ్గడాన్ని ఫొటోగ్రాఫర్లు ఒక స్టాపు అంటారు. ముప్పావు గంటలో దాదాపు 16 స్టాపులు పోతాయి. అంటే మూడు నిమిషాలకోసారి లోకం సగం చీకటవుతుంది. కన్ను దీనికి సర్దుకుపోతుంది కాబట్టి మనకు తెలియదు. కెమెరాకు ఎవరో ఒకరు చెప్పాలి.

చెప్పే పద్ధతిలోనూ ఒక వరస ఉంది. అపర్చర్‌ను, అంటే లెన్స్ తెరుచుకునే రంధ్రాన్ని, ఎఫ్ 2.8 దగ్గర వదిలేసి మొదట షటర్ కాలాన్ని పెంచుకుంటూ పోతారు, అది చాలనప్పుడు ఐఎస్ఓను, అంటే వెలుతురుకు కెమెరా స్పందించే తీరును, పెంచుతారు. సెకనులో 2000వ వంతు దగ్గర మొదలైన షటర్ 20 సెకన్ల దాకా వెళితే 15 స్టాపులు వచ్చినట్టే. ఐఎస్ఓ 100 నుంచి 3200కు వెళితే మరో అయిదు. మధ్యలో అపర్చర్ జోలికి పోరు. లెన్స్‌లోని రేకులు ప్రతిసారీ వెంట్రుకవాసి తేడాతో మూసుకుంటాయి, ఆ తేడా వీడియోలో మినుకుమినుకుమంటూ కనిపిస్తుంది. ఈ రోగం పగటి ఫ్రేముల్లోనే ఎక్కువ. అందుకే పగలు కూడా లెన్స్‌ను పూర్తిగా తెరిచి ఉంచడానికే చాలామంది మొగ్గుతారు.

ఇప్పుడు ఎడం దగ్గరికి వద్దాం. చుక్కలు చుక్కల్లాగే పడాలంటే 24 మిల్లీమీటర్ల లెన్స్‌తో షటర్ సుమారు 20 సెకన్లు తెరిచి ఉంచవచ్చు, అంతకు మించితే అవి గీతలవుతాయి. షటర్ 20 సెకన్లు తెరిచి ఉన్నప్పుడు ఎడం అయిదు సెకన్లు ఎలా ఉంటుంది? ఫొటో తీసి, దాన్ని కార్డులోకి రాసుకోవడానికి కెమెరాకు ఒకటి రెండు సెకన్లు కావాలి. రాత్రి ఎడం 23, 25 సెకన్లకు తగ్గదు. షటర్ కాలం ఎడాన్ని దాటిన క్షణంలో చాలా కెమెరాలు చప్పుడు లేకుండా ఒక వంతు వదిలేసి ఆ తర్వాతి వంతుకు ఫొటో తీస్తాయి. అంటే ఎడం ఉన్నట్టుండి రెండింతలవుతుంది. తీసేటప్పుడు ఏమీ తెలియదు. ఇంటికి వచ్చి చూసుకుంటే మబ్బులు ఒక చోట తన్నుకుని దూకి ఉంటాయి.

అంటే మొదట్లో అయిదు, చివర్లో పాతిక. మధ్యలో ఎక్కడో మారాలి. నేను ఎక్కువగా మెచ్చుకునే పనితనం ఇక్కడే ఉంది. పొద్దు గుంకుతున్నప్పుడు ఎడం మారిస్తే సూర్యుడి నడక తేడా కొడుతుంది. చుక్కలు వచ్చాక మారిస్తే చుక్కల నడక తేడా కొడుతుంది. పొద్దు గుంకిన పాతిక నిమిషాల నుంచి నలభై అయిదు నిమిషాల దాకా మాత్రం ఆకాశంలో వేగాన్ని పట్టిచ్చే వస్తువు దాదాపు ఉండదు. మబ్బుల అంచులు నీలంలో కలిసిపోయి ఉంటాయి, చుక్కలు ఇంకా గట్టిగా పొడవవు. ఎఫ్ 2.8, ఐఎస్ఓ 100 దగ్గర నడిచే కెమెరాకు షటర్ మూడు సెకన్లు దాటి, అయిదు సెకన్ల ఎడం ఇరుకయ్యేది కూడా సుమారుగా ఆ సమయంలోనే. అవసరమూ అవకాశమూ ఒకే ఇరవై నిమిషాల్లో కలుస్తాయి. తెలిసిన చేయి ఆ ఇరవై నిమిషాల్లో అయిదును ఏడు చేస్తుంది, ఏడును పది, పదిని పదిహేను, అలా పాతికకు తీసుకెళుతుంది. చెక్కభజనలో ఆటగాళ్ళు అడుగు తిరిగే చోట లయ మార్చుకుంటారు చూడండి, ఎక్కడ మారిందో చూసేవాడికి దొరకదు. ఇది అచ్చం అలాంటిదే.

ఈ మార్పును తనంతట తానే మెట్లు మెట్లుగా చేసే ఇంటర్వలోమీటర్లు ఉన్నాయి. లేనివాళ్ళు ఆపి, కొత్త అంకె పెట్టి, మళ్ళీ మొదలుపెడతారు. ఆ ఆపడంలో పోయే సెకన్లు కూడా ఎడం లోపలే ఇమిడిపోయేలా చూసుకోవడం, ట్రైపాడ్‌ను కదిలించకుండా మీట నొక్కడం వేళ్ళకు అలవాటు కావలసిన పని.

డబ్బున్నవాళ్ళకు ఇంకో దారి ఉంది. ఎఫ్ 1.4 లెన్స్ ఎఫ్ 2.8 కంటే నాలుగింతల వెలుతురు లోపలికి తీసుకుంటుంది. 20 సెకన్ల పని అయిదు సెకన్లలో అవుతుంది. అప్పుడు మబ్బులు పరిగెత్తని రోజుల్లో ఏడెనిమిది సెకన్ల ఎడం ఒక్కటే పగటి నుంచి రాత్రి దాకా సరిపోతుంది, అతుకే ఉండదు. అందులో తప్పేం లేదు. నాకు మాత్రం అతుకు వేసి, అది కనపడకుండా చేసినవాడి మీదే గౌరవం ఎక్కువ.

కర్నూలు కొండారెడ్డి బురుజు దగ్గర ఈ లెక్కంతా తలకిందులవుతుంది. నగరం నడిమధ్య ఉన్న ఆ బురుజు చుట్టూ కదిలేవి ఆటోలు, బైకులు, మనుషులు. వాటికి రెండు సెకన్ల ఎడం కావాలి. రాత్రయినా వీధిదీపాలు, దుకాణాల వెలుగు ఉంటాయి కాబట్టి షటర్ ఒక సెకను దాటాల్సిన పని లేదు. రెండు సెకన్ల ఎడం మొదటి నుంచి చివరి దాకా నిలుస్తుంది. అక్కడ అతుకు బాధ లేదు, వేరే బాధ ఉంది: వీధిదీపాలన్నీ ఒక్కసారిగా వెలుగుతాయి, ఆటోమేటిక్‌లో ఉన్న కెమెరా బెదిరిపోయి ఆకాశాన్ని నల్లగా చేసేస్తుంది. మాన్యువల్‌లో ఉంచి ఓపికగా స్టాపులో మూడో వంతు చొప్పున దిగేవాడి ఫ్రేముల్లో ఆ క్షణం పండగలా ఉంటుంది.

ప్రపంచంలో ఈ విద్యకు పేరు తెచ్చిన 1982 నాటి 'కొయానిస్కాట్సి' సినిమాకు కెమెరా పట్టిన రాన్ ఫ్రికీ ఫిల్ము మీద తీశాడు. రీలు కడిగేదాకా ఫలితం తెలిసే వీల్లేని రోజులవి. ఇప్పుడు జర్మనీకి చెందిన గుంథర్ వెగ్నర్ తయారుచేసిన ఎల్ఆర్‌టైమ్‌లాప్స్ లాంటి సాఫ్ట్‌వేర్ వెలుతురు మెట్లను తర్వాత నున్నగా చేస్తుంది, పగటి రంగును రాత్రి రంగులోకి మెల్లగా కలుపుతుంది. తీయని ఫ్రేములను మాత్రం అది తెచ్చి ఇవ్వలేదు. ఎడం తప్పితే తప్పినట్టే.

రాత్రి ఎంత చీకటిగా ఉండాలన్నది కూడా తీసేవాడి నిర్ణయమే. కెమెరాలోని వెలుతురు మీటరు చెప్పినట్టల్లా వింటే అర్ధరాత్రి కూడా పట్టపగల్లా వస్తుంది. 1957 నాటి 'మాయాబజార్'లో ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ సృష్టించిన వెన్నెలను తెలుగువాళ్ళు ఇప్పటికీ తలుచుకుంటారు. దర్శకుడు కె.వి.రెడ్డి తాడిపత్రి మనిషి, నిర్మాత నాగిరెడ్డి కడప జిల్లా మనిషి. ఆ వెన్నెలలో ఎంత చూపించాలో అంతే చూపించారు. గండికోటలో మంచి పనివాడు కూడా సందె దిగుతున్నకొద్దీ మీటరు అడిగినదానికంటే ఒక స్టాపు, ఒకటిన్నర స్టాపు తక్కువే ఇస్తాడు. రాతిగోడ ఉందని తెలియాలి, దాని మీది ప్రతి పగులూ కనపడనక్కర్లేదు.

పంచాంగం కూడా ఈ పనిముట్లలో ఒకటి. పున్నమి నాడు ఇటు పొద్దు గుంకుతుంటే అటు చంద్రుడు లేస్తాడు, రాయి వెలుగుతుంది కానీ చుక్కలు పలచబడతాయి. అమావాస్యకు చుక్కలు నిండుగా ఉంటాయి, లోయ మసిముద్దవుతుంది. శుద్ధ తదియ, చవితి రోజులు ఈ రెంటికీ నడిమి దారి. నెలవంక రెండు మూడు గంటలు గట్టుకు కొంచెం వెలుగు ఇచ్చి తానూ అస్తమిస్తుంది, తర్వాత ఆకాశం చుక్కలది. ఆగ్నేయాన ముద్దనూరు, ఎర్రగుంట్ల వైపు థర్మల్ కేంద్రం, సిమెంటు ఫ్యాక్టరీల వెలుగు దిగంతాన్ని కాస్త పసుపు చేస్తుంది. దాన్ని ఫ్రేములోకి రానివ్వాలా వద్దా అన్నది పగలే తేల్చుకోవాలి. పొద్దు గుంకే వేళ కూడా నవంబరు చివర అయిదుంముప్పావు ప్రాంతం, జూలై మొదట్లో ఆరు యాభై. గుంకే చోటు ఏడాదిలో దిగంతం మీద దాదాపు 48 డిగ్రీలు అటూ ఇటూ జరుగుతుంది. కిందటి నెల కుదిరిన ఫ్రేము ఈ నెల కుదరకపోవచ్చు.

వీటన్నిటికంటే కష్టమైనది రాత్రి నుంచి పగటికి తీయడం. ఏప్రిల్ నడుమ తెల్లవారుజామున నాలుగున్నర ప్రాంతంలో పాలపుంత నడిబొడ్డు గండికోటకు దక్షిణాన సుమారు 46 డిగ్రీల ఎత్తున నిలబడుతుంది. ఇంకో పావుగంటకే తూర్పున మొదటి వెలుగు మొదలవుతుంది. ఇప్పుడు పాతికను అయిదుకు దించాలి, షటర్‌ను కుదించాలి, అదీ వెలుతురు రాకముందే. సాయంత్రం చేయి ఆలస్యమైతే ఫ్రేము చీకటిగా వస్తుంది, రా ఫైలులోంచి ఎంతో కొంత లాక్కోవచ్చు. తెల్లవారుజామున ఆలస్యమైతే ఆకాశం తెల్లగా కాలిపోతుంది, అక్కడ లాక్కోవడానికి ఏమీ మిగలదు. అందుకే ఎవరైనా తెల్లవారే టైమ్‌లాప్స్ చూపిస్తే నేను ముందుగా తూర్పు అంచును చూస్తాను. సూర్యుడు లేచే ముందు పది నిమిషాల్లో అక్కడ ఒక్క తెల్ల మచ్చ కూడా పడలేదంటే, ఆ చేయి వెలుతురు కంటే ఒక స్టాపు ముందే నడిచిందన్నమాట.