ఒక ప్రెస్సు, పది డైలు

డోర్నకల్ లాంటి జంక్షన్ ఊళ్లో కమ్మరి కొలిమి దగ్గర రైలు పట్టా ముక్కే దాగలిగా కనిపిస్తే ఎవరూ వింతపడరు. దాని పక్కన ఇంట్లోనే కట్టుకున్న హైడ్రాలిక్ ప్రెస్సు కూడా ఉంటే మాత్రం నేను అక్కడే ఆగిపోతాను. ముందుగా చూసేది డై, అంటే ఇనుమును నొక్కే దిమ్మె, కూర్చునే గూడునే. కమ్మరి పనితనం అక్కడ తెలిసిపోతుంది.

సమ్మెట దెబ్బ ఎక్కువగా పైపొరనే కదిలిస్తుంది. ప్రెస్సు ఒత్తిడి నెమ్మదిగా ఇనుము నడిమధ్య దాకా దిగుతుంది. చదును డై పలక చేస్తుంది, గుండ్రటి డై సాగదీస్తుంది. డై ముఖం సగానికి తగ్గిందంటే అదే 20 టన్నుల బలానికి ఒత్తిడి రెట్టింపు. గునపం మొనకు ఒక డై, గొడ్డలి చెంపకు ఇంకొకటి. మరి క్షణంలో మార్చుకోలేని డైతో ఏం లాభం?

ఒక పనిమంతుడు చేసిన గూడు ఇప్పటికీ నా కళ్లముందే ఉంది. మందపాటి పలక, మూడు వైపులా గోడలు, నాలుగో వైపు ఖాళీ. పాత లారీ యాక్సిల్ ముక్కతో చేసిన డైని లోపలికి జరిపి, ఏటవాలు ఇనుప చీల కొడితే బిగుసుకుంటుంది. అవతలి నుంచి ఒక్క దెబ్బకు ఊడొస్తుంది. బరువంతా పలకే మోస్తుంది, చీల డైని కదలనివ్వకుండా పట్టుకుంటుంది, అంతే. వేడికి డై ఉబ్బుతుందని, కాలిన పొట్టు ఇరుక్కుంటుందని మిల్లీమీటరు సందు వదిలాడు. పై డై చేతుల మీద పడకుండా అడ్డంగా ఒక పిన్ను. రెండు డైలూ ఎదురెదురుగా కూర్చోకపోతే బలం పక్కకు లాగి సిలిండరు కడ్డీనే వంచేస్తుంది. అన్నిటికన్నా ముచ్చట, డై అడుగు చదరంగా ఉండటం. డైని అడ్డంగా తిప్పిపెడితే పొడవాటి కడ్డీ పక్కనుంచీ దూరుతుంది. ఆ చేతులకు దండం పెట్టాలనిపించింది!

ప్రెస్సు పాత సంగతే. నీటి ఒత్తిడి ప్రెస్సుకు ఇంగ్లండు ఇంజినీరు బ్రామా 1795లో పేటెంటు తీసుకున్నాడు. ఆవిరి సమ్మెటకు స్కాట్లండు ఇంజినీరు నాస్మిత్ 1839లో బొమ్మ గీశాడు. అలాంటి పెద్ద సమ్మెటల్లోనూ డై గాడిలో కూర్చుని చీలతోనే బిగుస్తుంది.

ఇప్పుడేమో డైలను నేరుగా ప్రెస్సుకే వెల్డింగ్ కొట్టి అంటగడుతున్నారు. నేనూ ఒకటి కొని మోసపోయాను. డై అంచు విరిగింది, గ్రైండరుతో కోసి తీసేసరికి కింది పలకా పాడైంది. సంతలో దొరికే, రేకు కత్తిరించి రంగు పూసిన కొడవళ్లదీ అదే వరస. రెండు చాళ్లు కోసేసరికి మొద్దుబారతాయి. తిట్లు మాత్రం కమ్మరికి!

ఈసారి కొడవలి కావాలంటే కొలిమికే వెళ్లండి. డై విప్పి చూపించమని అడగండి. మురిసిపోతూ విప్పి చూపించాడా, బేరమాడకుండా అడిగినంత చేతిలో పెట్టండి.