ఆదివారం సూది

ఆదివారం పొద్దు గూకగానే మా చెల్లెలి కొడుకు ఫ్రిజ్‌లోంచి ఇంజక్షన్ పెన్ను తీస్తాడు. వాడికి 22 ఏళ్లు. మూడేళ్ల కిందట బెంగళూరులో స్లీవ్ ఆపరేషన్ చేయించుకుని, 130 కిలోల నుంచి 88కి దిగాడు. మళ్లీ 101 అయ్యాడు. డాక్టరు వారానికో సెమాగ్లుటైడ్ సూది రాసిన రోజున, "పెద్దమ్మా, ఇంత చేసీ ఓడిపోయినట్టేనా?" అన్నాడు.

కాదు నాయనా. ఆ ఆపరేషన్లో పొట్టలో ముప్పాతిక భాగం తీసేస్తారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ ఎక్కువగా తయారయ్యే చోటు కూడా దాంతోనే పోతుంది. అయినా పోయిన బరువు కోసం ఒళ్లు పట్టుబడుతుంది, కొందరిలో ఆకలి తిరిగొస్తుంది. పేగుల్లో పుట్టే జీఎల్‌పీ-1 హార్మోనులా పనిచేసి, కడుపు నిండిందని మెదడుకు చెప్పేదే ఈ మందు. బీపీ మాత్ర వేసుకునేవాణ్ణి ఓడిపోయావని ఎవరూ అనరు కదా!

అమెరికాలో టీనేజీలో బరువు తగ్గించే ఆపరేషన్ అయిన 260 మందిని పదేళ్లు గమనించి, 2024లో ఫలితాలు ప్రకటించారు. బీఎంఐ సగటున 20 శాతం తగ్గి నిలిచింది. సగటు అంటే అందరూ కాదు. మా వాడిలాంటి వాళ్లూ ఉంటారు.

మా అవ్వ గంజి కరువు కథలు చెప్పేది. వానల్లేక శెనక్కాయ పంట ఎండిపోవడం మా అనంతపురానికి కొత్త కాదు. ఆకలంటే గింజ లేకపోవడమే అనుకుంటూ పెరిగాం. తిన్నా తీరని ఆకలి ఒంటి జబ్బని ఒప్పుకోలేక, వాణ్ణి తిండిపోతన్నాం. ఒకసారి నలుగురి ముందు వాడి పళ్లెంలోంచి సంగటి ముద్ద తీసేశాను. ఆ రోజు వాడి ముఖం ఇప్పటికీ కళ్లలో ఉంది.

భయం లేదనను. మందు ఆపితే బరువు మళ్లీ పెరగొచ్చు. అసలే చిన్నదైన పొట్ట, పైన ఆకలి చంపే సూది. ప్రొటీను చాలకపోతే కండ కరుగుతుంది. బీ12, ఐరన్ పరీక్షలు జీవితాంతం తప్పవు. పెళ్లీడు ఆడపిల్లల విషయంలో దాపరికం మరీ ప్రమాదం. గర్భానికి కనీసం రెండు నెలల ముందే సెమాగ్లుటైడ్ ఆపాలి. సూది సంగతి అత్తింటివాళ్లకు చెప్పలేని రహస్యమైతే ఆ పిల్ల ఏం చేస్తుంది?

నిన్న వాడు గుడ్డు, పప్పు ముందు తిని, సగం ముద్ద సంగటి కాగానే "చాలు పెద్దమ్మా" అన్నాడు. ఇంకొంచెం తినమని అనలేదు. పళ్లెం వాడే తీశాడు.