కొల్లేటి జాడలు: స్మృతిగానా, సాక్ష్యంగానా?

అక్కినేని కుటుంబరావుగారి 'కొల్లేటి జాడలు' నవల బెంగళూరులోని మన విద్యార్థులకు ముందుగా ఇంగ్లీషులో చేతికందే అవకాశమే ఎక్కువ. వసంత కన్నబిరాన్‌గారి అనువాదం 2020లో 'సాఫ్ట్‌లీ డైస్ ఎ లేక్' అన్న పేరుతో వెలువడింది. ఈ అనువాదం వల్ల కొల్లేరు కథ తెలుగేతరులకు చేరింది. అయితే పేరు మారడంతో చదివే తీరు కూడా మారే ప్రమాదం ఉన్నదని మా అభిప్రాయం. ఒక సరస్సు మెల్లగా కన్నుమూసిందని ఇంగ్లీషు పేరు చెబుతుంది. తెలుగు పేరులో చావు మాటే లేదు. జాడ అంటే అడుగుగుర్తు, ఆచూకీ. మొదటి పేరు సంతాపానికి పిలుస్తుంది, రెండవది విచారణకు పిలుస్తుంది. ఈ నవలను రెండవ తీరులో చదవడం అవసరమని ఈ చిన్న వ్యాసంలో ప్రతిపాదిస్తున్నాము.

కృష్ణా గోదావరి డెల్టాల నడుమ ఉన్న పల్లంలో ఏర్పడిన మంచినీటి సరస్సు కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు మొదలైన ఏరులు దీనిలో కలుస్తాయి. మిగులు నీరు ఉప్పుటేరు గుండా సముద్రం చేరుతుంది. వానాకాలంలో నిండి, వేసవిలో ఒదిగే ఈ నీటిని అనుసరించి పరిసర గ్రామాల బ్రతుకు సాగేది. నీరున్నప్పుడు వేట, నీరు తీసినప్పుడు సేద్యం. కుటుంబరావుగారి కథకుడు ఆనాటి తన బాల్యాన్ని తలచుకొంటాడు. అతని జ్ఞాపకాలలో కొల్లేరు కేవలం ప్రకృతి సౌందర్యం కాదు, పదిమంది కలిసి పని చేసుకొన్న చోటు. వరదను తట్టుకోవడం కూడా ఉమ్మడి పనే. నవలకు బలం ఇక్కడ ఉన్నది.

ఆ ఉమ్మడితనం ఎలా చెదిరిందన్నది మొదటి ప్రశ్న. 1970ల దశకంలో మత్స్యకారుల సహకార సంఘాలకు చెరువులు ఏర్పరచి ఇచ్చినది ప్రభుత్వమే. పేదలకు జీవనోపాధి అన్నది ఉద్దేశం. క్రమంగా ఆ చెరువులు లీజుల మీద పెట్టుబడి గలవారి చేతిలోకి పోయాయి. సరస్సు నడుమ గట్లు లేచాయి. సహజంగా పెరిగే పలురకాల చేపల స్థానంలో బొచ్చె, శీలావతి వంటి కొద్ది రకాలను కిక్కిరిసి పెంచడం మొదలయింది. తవుడు, చెక్క మేతగాను, కోళ్ళ పెంట ఎరువుగాను నీటిలోకి చేరాయి. తన సొంత చెలమ ప్రకారం నడిచే సరస్సు, మేత పోసి సరుకు తీసే కర్మాగారమయింది. ఒకప్పటి వేటగాడు అదే నీటిపై కూలివాడయ్యాడు. ఇది మెల్లని మరణం కాదు. దీని వెనుక ఉత్తర్వులు, లీజు పత్రాలు, యంత్రాలు ఉన్నాయి.

ఈ నవలలో మాకు కనిపించే కొరత కూడా ఇక్కడిదే. బాల్యస్మృతికి దక్కిన విస్తృతి చెరువుల వ్యాపారానికి దక్కలేదు. పోయినదేమిటో కథకుడు చూపినంత నిండుగా, ఎవరు ఎలా తీసుకొన్నారో చూపలేదు. కథ ఊరి ఒడ్డున నిలిచి సరస్సును చూస్తుంది. కాని కొల్లేటి కష్టం ఒడ్డుతో ఆగేది కాదు, ఎగువ ఏరులు పారే మేరంతా దానిలో భాగమే. గట్లు నీటిదారికి అడ్డుపడితే ముంపు ఎగువ పొలాలకు తన్నుతుంది.

ఈ కొరతను పూరించే రచన సాహిత్యంలో కాదు, న్యాయస్థానపు దస్త్రాలలో ఉన్నది. తల్లావజ్ఝుల పతంజలి శాస్త్రిగారు మనకు కథకులుగా పరిచితులు. 'రామేశ్వరం కాకులు మరికొన్ని కథలు' సంపుటికి 2023 సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. కొల్లేటి చేపల చెరువుల విషయమై ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు వెళ్ళిన పౌరులలో ఆయన ఒకరు. ఆ వ్యాజ్యంలో 2001లో తీర్పు వచ్చింది. అంతకు ముందే 1999లో కొల్లేరు అభయారణ్యమయింది, 2002లో రాంసార్ చిత్తడినేలల జాబితాలో చేరింది. 2006లో సుప్రీంకోర్టు ఆదేశంపై చెరువుల గట్లను తెగగొట్టారు. 2008లో శాసనసభ అభయారణ్యపు హద్దును ఐదవ కాంటూరు నుండి మూడవ కాంటూరుకు కుదించాలని తీర్మానించింది. తరువాత అజీజ్ కమిటీ ఆ కుదింపును సమర్థించలేదు. ఒక తీర్పుతో తీరిపోయే పోరాటం కాదని ఈ వరుసే తెలుపుతున్నది.

అయితే అర్జీ భాషకూ ఒక పరిమితి ఉన్నది. దానికి 'ఆక్రమణదారుడు' అన్న మాట ఒక్కటే తెలుసు. వందల ఎకరాలు లీజుకు పట్టిన వ్యాపారి, సంఘం చెరువులో చిన్న వాటా ఉన్న మత్స్యకారుడు ఆ మాటలో ఒకటైపోతారు. గట్లు తెగినప్పుడు ఇద్దరి నష్టం ఒకటి కాదు. ఆ తేడా తెలియాలంటే ఆ ఊళ్ళ బ్రతుకు తెలియాలి, అది నవలలో ఉన్నది. కనుక నవల లేని అర్జీ మనుషులను మరచిపోతుంది, అర్జీ లేని నవల దోషులను మరచిపోతుంది. పర్యావరణ సాహిత్యమన్న పేరుతో విమర్శకులు నవలను మాత్రమే చదివి నిట్టూర్చడం చాలదు.

ఈ విషయం బెంగళూరు విద్యార్థికి దూరమైనది కాదు. ఈ నగరంలోనూ కొన్ని చెరువులను ప్రైవేటు సంస్థలకు లీజుకివ్వడం జరిగింది. దానిని ప్రశ్నిస్తూ 2008లో పౌరసంస్థ కర్ణాటక హైకోర్టుకు వెళ్ళింది. బెళ్ళందూరు, వర్తూరు చెరువుల నుండి పోయే నీరు దక్షిణ పినాకినిలో కలిసి దిగువ పల్లెలకు చేరుతుంది. ఎగువవారు చేసినది దిగువవారు అనుభవించడమన్న కొల్లేటి సూత్రమే ఇక్కడా వర్తిస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు నీటిదారుల మాట మళ్ళీ అందరి నోటా వినవచ్చింది. వరద తీయగానే ఆ మాట మరుగున పడకుండా చూడడం చదువుకొన్నవారి బాధ్యత.

అందువల్ల మన విద్యార్థులకు మేము సూచించేది ఇది. ఇంగ్లీషు అనువాదంతో మొదలుపెట్టినా తెలుగు మూలానికి రండి. పక్కన కొల్లేటి పటం పెట్టుకొనండి. హైకోర్టు తీర్పును కూడా చదవండి. కథకుడు తలచుకొనే ప్రతి చోటా ఈ నీరు ఎక్కడినుండి వచ్చింది, ఎవరి చేతికి పోయింది అని అడగండి. అట్లా చదివినప్పుడే జాడలన్న ఆ పేరు సార్థకమవుతుంది.